తాళంచెవి ఇచ్చింది నేనే

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడు ఒకే విషయం చుట్టూ తిరిగాయి. ఇంట్లో ఒకరు కనిపించకుండా పోవడం, వారిని వెతికే క్రమంలో పెద్దలు దాచిన సంగతులు పిల్లల కంటపడడం. అందుకే ఈసారి శీర్షికను పూర్తిగా వాటికే కేటాయించాను. రాసినవారి ఆనవాళ్లు తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను.

ప్రశ్న: నా వయసు 16. మా అన్నయ్యకు 20. తొమ్మిది నెలల కిందట ఒకరోజు పొద్దున బయటికి వెళ్లి తిరిగి రాలేదు. మా ఇంట్లో బీరువా మీద ఒక రేకుపెట్టె ఉంది. దాన్ని ఎవరూ తెరవరు. అన్నయ్య వెళ్లడానికి పది రోజుల ముందు, కాలేజీలో పుట్టినతేదీ ధ్రువపత్రం అడిగారని చెప్పి, ఆ పెట్టె తాళంచెవి ఎక్కడుందని నన్ను అడిగాడు. అమ్మ దాచే చోటు నాకు తెలుసు కనుక నేనే తీసి ఇచ్చాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పోయిన నెల ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పెట్టె నేనూ తెరిచాను. అందులో ఒక ఫొటో, మూడు ఉత్తరాలు ఉన్నాయి. ఫొటోలో పసిబిడ్డను ఎత్తుకున్నామె అచ్చం మా అమ్మలాగే ఉంది కాని మా అమ్మ కాదు. ఉత్తరాలన్నీ ‘అక్కా’ అని మొదలవుతాయి. ‘బాబు నిన్నే అమ్మా అని పిలవనీ, నేను అడ్డురాను, ఒక్కసారి చూసిపోనీ’ అని చివరిదానిలో ఉంది. అమ్మకు ఒక చెల్లెలు ఉందని నాకు ఎన్నడూ ఎవరూ చెప్పలేదు. ఆ కవరు వెనుక ఉన్న చిరునామా కింద ఆకుపచ్చ పెన్సిలు గీత ఉంది. అలా గీతలు గీసే అలవాటు మా అన్నయ్యదే. పోలీసులు వచ్చినప్పుడు ‘ఇంట్లో ఏ గొడవా లేదు, వాడికి ఏ బాధా లేదు’ అని నాన్న చెప్పడం విన్నాను. తరువాత డీఎన్‌ఏ పరీక్ష కోసం అమ్మానాన్నల నమూనాలు తీసుకున్నప్పుడు కూడా వాళ్లు ఏమీ చెప్పలేదు. ఇప్పుడు నేను నోరు తెరిస్తే అమ్మ తట్టుకోలేదేమో. తెరవకపోతే అన్నయ్యకు ద్రోహం చేసినట్టు. ఆ చిరునామాకు నేనే వెళ్లి చూసి రావాలని ఉంది. అసలు అతను నాకు అన్నయ్యేనా? నాకు ఏం చేయాలో తోచడం లేదు. — పేరు రాయవద్దు

జవాబు: అమ్మాయీ, నీ ఉత్తరం పత్రిక అచ్చయ్యేదాకా ఆగదగినది కాదు కనుక, అందిన రోజే నీకు విడిగా నాలుగు వాక్యాలు రాసి పంపాను. వాటి వెనుక ఉన్న కారణాలు ఇక్కడ వివరంగా చెబుతాను.

నీ ముందున్నవి రెండు ముడులు, ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. అన్నయ్య ఎక్కడున్నాడన్నది మొదటిది. అతను ఎవరి కొడుకు, పిన్ని ఏమైంది, అమ్మ ఎందుకు దాచింది అన్నది రెండోది. రెండోదానికి తొందర లేదు. ఇరవై ఏళ్లు పెట్టెలో ఉన్న విషయం ఇంకో ఇరవై రోజులు ఉన్నా నష్టం లేదు. మొదటిదానికి మాత్రం ఒక్కరోజు ఆలస్యం కూడా తగదు. రెండో ముడిలో మొదటిదానికి పనికివచ్చే పోగులు మూడే ఉన్నాయి: ఆకుపచ్చ గీత పడిన చిరునామా, అన్నయ్య తాళంచెవి అడిగిన రోజు, డీఎన్‌ఏ నమూనాల సంగతి. ఈ మూడూ దర్యాప్తు చేస్తున్న అధికారికి చేరాలి. మిగిలినదంతా మీ ఇంటి విషయం, అది ఇంట్లోనే ఉండవచ్చు.

డీఎన్‌ఏ సంగతి ముందు చెబుతాను, ఎందుకంటే దాని తీవ్రత మీ ఇంట్లో ఎవరికీ తట్టినట్టు లేదు. కుటుంబ సభ్యుల నమూనా తీసుకునేది, తన పేరు చెప్పలేని స్థితిలో ఉన్న మనిషి గాని, గుర్తు తెలియని మృతదేహం గాని ఎక్కడైనా దొరికితే పోల్చి చూడడానికి. ఇది చదవడం నీకు కష్టమని తెలుసు, కాని సూటిగా అడిగినదానికి చుట్టూ తిప్పి చెప్పడం నాకు చేతకాదు. కన్నవారిలో ప్రతి ఒక్కరి నుంచీ బిడ్డకు సగం డీఎన్‌ఏ వస్తుంది. తల్లి తోడబుట్టిన అక్కకు ఆ బిడ్డతో పోలిక సగటున నాలుగో వంతే. ఆ అక్క భర్తకు బిడ్డతో వేరే రక్తసంబంధం లేకపోతే చెప్పుకోదగిన పోలికే ఉండదు. నువ్వు ఊహించినదే నిజమై, నమూనాలు మాత్రం ‘కన్న తల్లి, కన్న తండ్రి’ అన్న పేరుతో నమోదై ఉంటే, మీ అన్నయ్య వివరాలు పరీక్షించేవారి ముందుకు వచ్చినా ఈ దంపతుల బిడ్డ కాడని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది.

అదే బంధుత్వం సరిగా చెబితే మీ అమ్మ నమూనాయే అక్కరకు వస్తుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా అనే భాగాల్లో విడిగా ఉండే డీఎన్‌ఏ తల్లి వైపు నుంచి మాత్రమే సంక్రమిస్తుంది. అమ్మ, పిన్ని ఒక్క తల్లి బిడ్డలైతే, అమ్మమ్మ నుంచి వారిద్దరికీ, పిన్ని నుంచి అన్నయ్యకూ, అమ్మ నుంచి నీకూ వచ్చినది ఒకటే. అర్జెంటీనాలో 1976 నుంచి 1983 వరకు సాగిన సైనిక పాలనలో ఎందరో తల్లిదండ్రులు మాయమైపోగా, వారి పిల్లలు వేరే ఇళ్లలో వేరే పేర్లతో పెరిగారు. ఆ పిల్లల కోసం వారి అమ్మమ్మలూ నాన్నమ్మలూ 1977లో ఒక సంఘంగా ఏర్పడి, కన్నవాళ్లు లేకపోయినా పైతరం రక్తంతో బంధుత్వం తేల్చే మార్గం చూపమని శాస్త్రవేత్తల వెంటపడ్డారు. 1987లో అక్కడ ఏర్పడిన జాతీయ జన్యు సమాచార నిధి ఆ పట్టుదల ఫలితమే. అలా గుర్తించిన మనవల సంఖ్య ఇప్పటికి 130 దాటింది. ఎవరు ఎవరికి ఏమవుతారో ఉన్నది ఉన్నట్టు చెప్పడంతోనే ఆ పని అంతా మొదలైంది.

ఇక తాళంచెవి. నువ్వు తొమ్మిది నెలలుగా తప్పుగా మోస్తున్న ఆ సంఘటన దర్యాప్తుకు చాలా విలువైన ఆనవాలు. అన్నయ్య ఎప్పుడు ఏం తెలుసుకుని ఉండవచ్చో దానివల్లే ఒక తేదీ ఖాయమవుతుంది. ఆ తేదీ తరువాత అతను ఎవరికి ఫోన్ చేశాడు, ఏ టికెట్టు కొన్నాడు, ఎంత డబ్బు తీశాడు అని వెతకడానికి అధికారులకు ఒక మొదలు దొరుకుతుంది. తప్పు సంగతికి వస్తే, అన్నయ్య అడిగితే చెల్లెలు తాళంచెవి తీసి ఇచ్చింది. అంతకుమించి అందులో ఏమీ లేదు. పెట్టెలో ఏముందో నీకు తెలియదు. ఇరవై ఏళ్లవాడు తన పుట్టుక కాగితం చూడాలనుకుంటే నీ సాయం లేకపోయినా ఏదో దారిన చూసేవాడు. ఒక మాట మాత్రం జాగ్రత్తగా గుర్తుంచుకో: ఉత్తరాలు చదివినందువల్లే అతను వెళ్లిపోయాడని ఇంకా రుజువు కాలేదు. పది రోజులు తిని, పడుకుని, మీతో మాట్లాడి వెళ్లినవాడి మనసులో ఏముందో మనం పెట్టె ఒక్కటే చూసి చెప్పలేం. ‘దీనివల్లే వెళ్లాడు’ అని నువ్వు గట్టిగా చెబితే అధికారులు మిగతా దారులు వెతకడం మానేయవచ్చు. ఉన్నది చెప్పు, ఊహను ఊహ అని చెప్పు.

అందుకే ఎవరితోనూ చర్చించకముందే ఒక కాగితం మీద తేదీ వేసి, నీకు గుర్తున్నదంతా నీ మాటల్లో రాసి పెట్టుకో. ఎలిజబెత్ లోఫ్టస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరుడితో కలిసి 1974లో ప్రచురించిన ప్రయోగంలో ఒక కారు ప్రమాదం దృశ్యం చూపించి, కొందరిని కార్లు ‘తగిలినప్పుడు’ వేగం ఎంత అని, మరికొందరిని ‘గుద్దుకుని నుజ్జయినప్పుడు’ ఎంత అని అడిగారు. రెండో మాట విన్నవారు ఎక్కువ వేగం చెప్పడమే కాదు, వారం తరువాత అడిగితే దృశ్యంలో లేని పగిలిన గాజును చూశామన్నవారు కూడా వారిలోనే ఎక్కువ. పెద్దలు ఏడుస్తూ వాదించుకునే ఇంట్లో నీ జ్ఞాపకం రంగు మారకముందే దాన్ని కాగితం మీద పెట్టడం మంచిది. ఉత్తరాలను, కవర్లను రెండు వైపులా ఫొటో తీసుకుని, ఉన్నవి ఉన్నట్టే పెట్టెలో ఉంచు. కవర్లను పారవేయకు, వాటి మీద తపాలా ముద్రలు ఉంటాయి. అన్నయ్య ఖాతాల్లోకి పాస్‌వర్డులు ఊహించి ప్రవేశించే ప్రయత్నం కూడా చేయకు. ఖాతా మూసుకుపోవచ్చు, ఎవరు ఎప్పుడు తెరిచారన్న జాడ కలగాపులగం కావచ్చు.

ఆ చిరునామాకు నువ్వు వెళ్లవద్దు. ఇది సలహా కాదు, గట్టిగా చెబుతున్న మాట. ఇన్నేళ్ల తరువాత అక్కడ ఎవరుంటున్నారో నీకు తెలియదు. ఒకవేళ పిన్నే ఉంటే, తన కొడుకు తొమ్మిది నెలలుగా కనిపించడం లేదన్న కబురు గుమ్మంలో నిలబడిన పదహారేళ్ల పిల్ల నోట వినడం ఎటువంటి దెబ్బో ఆలోచించు. అన్నయ్యే ఉంటే మరో చిక్కు. అతను చట్టం దృష్టిలో పెద్దవాడు. చాలా దేశాల్లో, తప్పిపోయారనుకున్న పెద్దవారు క్షేమంగా దొరికి, తమ జాడ ఇంటివారికి చెప్పవద్దని కోరితే, పోలీసులు ‘క్షేమంగా ఉన్నారు’ అన్నంతవరకే చెప్పి ఊరుకుంటారు. అన్నయ్య అలా కోరవచ్చు, కోరకపోవచ్చు. ఏదైనా అది అతను తీసుకోవలసిన నిర్ణయం. నీ తరఫున ఒక చీటీ రాసి అధికారి చేతికి ఇవ్వవచ్చు.

ముందుగా అమ్మకే చెప్పు. ఆమెకు తెలియకుండా పోలీసుల దగ్గరికి వెళితే ఆమె రెండోసారి మోసపోయినట్టు భావిస్తుంది. ఆమెను బోనులో నిలబెట్టే మాటలతో మొదలుపెట్టకు. ‘అమ్మా, నేను పెట్టె తెరిచాను. ఉత్తరాలు చదివాను. అన్నయ్య కూడా చదివాడనుకుంటున్నాను, తాళంచెవి నేనే ఇచ్చాను. నువ్వు ఎందుకు దాచావో ఇవాళ అడగను. ఆ చిరునామా మాత్రం పోలీసులకు చెప్పాలి. నువ్వు చెబుతావా, నాన్న చెబుతారా?’ అన్నంత మాట చాలు. చెప్పాలా వద్దా అన్న ప్రశ్నకు అందులో చోటు లేదు, ఎవరు చెప్పాలన్నదానికే ఉంది. ఒక రాత్రి గడువు ఇవ్వు. ఆమె ఏడవవచ్చు, కోప్పడవచ్చు, నిన్నే దొంగతనం చేశావనవచ్చు. మర్నాటికి కూడా కాదంటే, నీకు నమ్మకమున్న ఉపాధ్యాయురాలినో, కుటుంబంలో నిదానమైన పెద్దనో వెంటబెట్టుకుని నువ్వే వెళ్లి చెప్పు. అమ్మ తట్టుకోలేదేమోనని రాశావు. తొమ్మిది నెలలుగా ఆమె తట్టుకుంటున్నది ఇంతకంటే తేలికైనదేమీ కాదు. ఆకుపచ్చ గీత ఆమె కూడా చూసి, చూడనట్టు పెట్టె మూసిందేమో ఎవరికి తెలుసు.

ఎందుకు దాచిందన్నది మూడు ఉత్తరాలతో తేలే విషయం కాదు. ఆ పెట్టెలో ఉన్నవి ఒక వైపు మాటలే. మీ అమ్మ జవాబులు రాసి ఉంటే అవి మరో ఇంట్లో మరో పెట్టెలో ఉంటాయి. అవి కూడా చదివినదాకా ఎవరు మంచివారో తీర్పు చెప్పకు. నేనూ చెప్పను. అయితే ఒక విషయంలో నా అభిప్రాయం దాచుకోను: ఒక మనిషి పుట్టుక ఆ మనిషికి చెందుతుంది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడిక 7వ అధికరణంలో, సాధ్యమైనంతవరకు తన తల్లిదండ్రులెవరో తెలుసుకునే హక్కు బిడ్డకు ఉందని రాసి ఉంది. అక్కచెల్లెళ్ల మధ్య జరిగినది వారి సొంత విషయంగా ఉంచుకోవచ్చు. అన్నయ్య పుట్టుకను అన్నయ్య దగ్గర దాచడం ఆ కోవలోకి రాదు.

అతను నాకు అన్నయ్యేనా అని అడిగావు. తల్లి చెల్లెలి కొడుకు వయసులో పెద్దవాడైతే మన భాష అతన్ని ఏమంటుందో నీకు తెలుసు. అతనికి విడిగా మరో పేరు పెట్టే అవసరం తెలుగుకు కలగలేదు. లెక్కలు కావాలంటే, తోడబుట్టినవారి మధ్య డీఎన్‌ఏ పోలిక సగటున సగం, అక్కచెల్లెళ్ల పిల్లల మధ్య ఎనిమిదో వంతు. ఆ తేడా ప్రయోగశాలలో చాలా ముఖ్యమైనది, అందుకే పైన అంత రాశాను. నీకు ఊహ తెలిసినప్పటి నుంచి పక్కన ఉన్నవాడి విషయంలో ఆ లెక్క దేన్నీ మార్చదు. మార్చి ఉంటే నువ్వు ‘అతను’ అని రాసిన ఆ ఒక్క వాక్యం తప్ప ఉత్తరమంతా ‘అన్నయ్య’ అని రాసేదానివి కాదు.

చివరగా నీ గురించి. చనిపోయినవారికోసం ఏడవడానికి ఒక రోజు ఉంటుంది. కనిపించకుండా పోయినవారికి ఆ రోజు రాదు, ఆశ వదిలితే ద్రోహమనిపిస్తుంది, పట్టుకుంటే ఊపిరాడదు. పాలీన్ బాస్ అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో, యుద్ధంలో ఆచూకీ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలను గమనించి, ఈ స్థితికి ఒక ప్రత్యేకమైన పేరు పెట్టారు. తెలుగులో దాన్ని ‘తేలని వియోగం’ అనుకోవచ్చు. ఇందులో బాధపడేవారి బలహీనత ఏమీ లేదని, పరిస్థితే తేలకుండా ఉండడం వల్ల మనసు నిలవదని ఆమె చెబుతారు. ముగింపు కోసం పాకులాడకుండా, రెండు విరుద్ధమైన మాటలను ఒకేసారి మనసులో ఉంచుకోవడం అలవాటు చేసుకోమంటారు: ‘అన్నయ్య తిరిగి రావచ్చు, రాకపోవచ్చు. నేను ఎదురుచూస్తున్నాను, నా చదువూ చదువుకుంటున్నాను.’ నీకు నవ్వు వచ్చినప్పుడు నవ్వు, దాన్ని లెక్కలో రాసుకోకు. నిద్ర పట్టకపోవడం, తిండి సహించకపోవడం వారాల తరబడి సాగినా, చచ్చిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, వెంటనే డాక్టరుకో మానసిక సలహాదారుకో చెప్పు. ఆ విషయంలో మాత్రం ఎవరి అనుమతి కోసమూ ఆగవద్దు.

ప్రశ్న: మా పెద్దబ్బాయికి స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు ఉందని డాక్టర్లు చెప్పారు. మందులు వాడుతూ ఉండగానే ఇల్లు విడిచి వెళ్లి రెండేళ్లయింది. జబ్బు సంగతి చిన్నవాడికి చెప్పలేదు. వాడికి ఇప్పుడు 14 ఏళ్లు. ఈమధ్య మందుల చీటీలు వాడికి దొరికాయి. ‘నాకు కూడా వస్తుందా? అందుకేనా చెప్పలేదు?’ అని అడుగుతున్నాడు. ఏమీ లేదని సర్దిచెప్పాను. వాడు నమ్మలేదు. — ఒక తల్లి

జవాబు: నమ్మడండీ. చీటీ చేతిలో పట్టుకున్న పిల్లవాడికి ‘ఏమీ లేదు’ అంటే, చెప్పలేనంత ఘోరమైనదేదో ఉందని అర్థమవుతుంది. ఇవాళే కూర్చోబెట్టి జబ్బు పేరు, అది మొదలైన తీరు, డాక్టర్లు చెప్పినది చెప్పండి. వాడు అడిగినదానికి జవాబు ఉంది: ఈ జబ్బు జనాభాలో 100 మందిలో సుమారు ఒకరికి వస్తుంది, తోడబుట్టినవారికి ఉన్నప్పుడు ఆ సంఖ్య సుమారు 9 లేదా 10 అవుతుంది. అంటే వాడి స్థితిలో ఉన్న 100 మందిలో 90 మందికి రాదు. సంఖ్య పెరిగిందన్న మాట దాచవద్దు, కాని రెండో వైపు కూడా చూపించండి. గంజాయి ఈ ముప్పును పెంచుతుంది కనుక దాని జోలికి పోవద్దని ఈ సందర్భంలోనే చెప్పవచ్చు. మామూలుగా చేసే హితబోధ కంటే ఇది వాడి చెవికెక్కుతుంది.

మరో మాట. పెద్దబ్బాయి జబ్బు, వాడుతున్న మందుల పేర్లు పోలీసులకు ఇచ్చారా? మీ ఉత్తరంలో ఆ ప్రస్తావన లేదు. పరువు పోతుందని చాలామంది ఇవ్వరు. జబ్బుతో ఉన్నవారిని ప్రమాదంలో ఉన్నవారిగా పరిగణించి త్వరగా వెతుకుతారు, ఆసుపత్రుల్లోనూ ఆశ్రయ గృహాల్లోనూ ఆరా తీస్తారు. రెండేళ్లు గడిచినా ఇప్పుడైనా ఇవ్వండి.

ప్రశ్న: మా క్లాసులో ఒక అమ్మాయి తమ్ముడు కనిపించడం లేదు. వాళ్ల ఇంటి గురించి స్కూల్లో ఏవేవో కథలు చెప్పుకుంటున్నారు. నేను ఏం మాట్లాడాలో తెలియక ఆమెను తప్పించుకుంటున్నాను. — తొమ్మిదో తరగతి విద్యార్థిని

జవాబు: తప్పించుకోవడం కంటే తడబడడం నయం. ‘ఏమైనా తెలిసిందా?’ అని రోజూ అడగవద్దు, తెలిస్తే తానే చెబుతుంది. ‘తప్పకుండా దొరుకుతాడు’ అని హామీ ఇవ్వవద్దు, అది నీ చేతిలో లేదు. తమ్ముడి పేరు ఎత్తడానికి భయపడకు, అతని గురించి మాట్లాడేటప్పుడు ‘ఉండేవాడు’ అనకుండా ‘ఉన్నాడు’ అను. కథలు నీ దాకా వస్తే నీ దగ్గరే ఆపేయి. ఆమె రాని రోజున నోట్సు రాసి ఉంచి, మర్నాడు ఆమె పక్కన కూర్చుని ఇవ్వు.